డబ్బా అడుగున గుప్పెడు

గౌరి దగ్గర మొదట్లో ఉన్నవి పద్నాలుగు వేల ఆరువందలు. గది అద్దె, నెల తిండి, బస్సు ఖర్చులు తీసేస్తే తొమ్మిది వేలు. ఆ తొమ్మిది వేలకీ మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు కొనేసింది. కొన్నది ఎక్కడో కాదు, బరంపురం బొడొ బజారులో మొన్నటిదాకా తను జీతానికి కూర్చున్న కొండబాబు దుకాణంలోనే.

"ఇల్లు సర్దడానికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకుంటారేటే ఎవరైనా?" అన్నాడు కొండబాబు, డబ్బాలు ఒకదాన్లో ఒకటి దూర్చి తాడు కడుతూ.

"పెట్టుకుంటారు బాబుగారూ. మూడేళ్ళు సూశాను. మన దగ్గర డబ్బాలు కొన్నోళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి కొంటన్నారు. ఆళ్ళకి డబ్బాలు సాలక కాదు. ఏది ఎందులో పెట్టాలో తెలక."

"తెలకపోతే నాకు మంచిదే కదా! నా బేరం నువ్వెందుకు సెడగొడతావు?"

"మీ దగ్గరే కొంటన్నాను కదా. పది శాతం తగ్గించండి."

అయిదు తగ్గించాడు. తాడు ముడి బిగించి, "ఎల్లు. నీ స్టూలు మాత్రం తియ్యను. నెల తిరక్కుండా వచ్చి దాని మీదే కూర్చుంటావు" అన్నాడు.

ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. మూడేళ్ళు దాని మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ గౌరి బిల్లులు నోటితోనే కూడింది. కొండబాబు కాలిక్యులేటరు వెతుక్కునే లోపు మొత్తం చెప్పేసేది. దాని మీద మళ్ళీ కూర్చోకూడదు. ఆ తొమ్మిది వేలూ ఖర్చు పెట్టింది అందుకే.

మొదటి బేరం గోసాని నువాగాంలో దొరికింది. పప్పుల హోల్‌సేలు వ్యాపారం చేసే వెంకటరమణమూర్తిగారి ఇల్లు. ఆయన భార్య జయలక్ష్మి ఆ నెలలో మూడోసారి డబ్బాలు కొనడానికి వచ్చినప్పుడే గౌరి ఆమె ఫోన్ నెంబరు తీసుకుంది. మేడ మీద వీధి వైపు గది చూపించి, "ఇదమ్మా సంగతి" అంది జయలక్ష్మి.

గది నిండా ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే రంగురంగుల ప్లాస్టిక్ బ్లాకులు. తలుపు సగమే తెరుచుకుంది. మంచం కింద, బీరువా మీద, కిటికీ గూట్లో, అన్నిచోట్లా అవే. మధ్యలో చిన్న దారి, ఆ దారి చివర తొమ్మిదేళ్ళ వాసవి గొంతుక్కూర్చుని ఏదో మేడ కడుతోంది. చుట్టూ ఇంతకు ముందు కట్టిన మేడలు. పాప వీధంతా కట్టింది: పాలకేంద్రం, సైకిలు దుకాణం, మూల మీద పకోడీల బండి.

"ఒక్కదాన్నీ పడగొట్టదు" అంది జయలక్ష్మి. "కొత్తది కావాలంటే కొత్త బ్లాకులే. యాత్రకి మా అక్కావాళ్ళు రాజమండ్రి నుంచి వస్తారు. వాళ్ళకి ఇచ్చే గది ఇదొక్కటే. ఈలోగా ఇది గదిలా కనపడాలి."

రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికొచ్చే యాత్ర. దానికింకా పది రోజులుంది.

గౌరి గుమ్మంలో నిలబడే గది పొడుగు చూసింది, వెడల్పు చూసింది, బ్లాకులు మోకాలి దాకా ఉన్నాయని చూసింది. పెదాలు కదిలాయి. "అరవై డబ్బాలు పడతాయండి. మొత్తానికి ఒకటే ధర. అయ్యాకే ఇవ్వండి."

"హౌ, సరే" అంది జయలక్ష్మి వెంటనే. అంత వెంటనే ఒప్పుకున్నందుకు గౌరి ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సింది అనుకుంది గానీ, ఎందుకు ఒప్పుకుందో ఆలోచించలేదు.

మర్నాడు జల్లెడలతో వచ్చింది. ముతకది, నడిమిది, సన్నది. పెద్ద జల్లెడలో పోసి ఆడిస్తే పెద్ద బ్లాకులు పైన నిలిచేవి. కింద పడ్డవి నడిమి జల్లెడలో, దాన్లోంచి పడ్డవి సన్నజల్లెడలో. చక్రాలు, కిటికీలు, బొమ్మమనుషుల టోపీలు చేటలో వేసి చెరిగితే వేటికవే విడిపోయేవి. చేట ఆడించడం తన పల్లెలో చిన్నప్పటినుంచీ వచ్చిన పనే. సురంగి పక్కన, ఆంధ్రా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉంటుంది ఆ పల్లె.

మూర్తిగారి తల్లి కాసులమ్మ మెట్ల పక్క కుర్చీలో కూర్చుని ఆ చేట వైపే చూసేది. మోకాళ్ళు పనిచెయ్యక మేడెక్కడం మానేసింది కాబట్టి, గౌరే జల్లెడలు కిందకి తెచ్చి వసారాలో పని పెట్టుకుంది.

"చేట బాగా పట్టావు" అంది కాసులమ్మ.

"మా అమ్మ నేర్పిందండి."

"ఏం చేస్తుంది మీ అమ్మ?"

"కూలికెల్తాది."

సన్నజల్లెడ కింద ప్రతిసారీ కొన్ని బియ్యపు గింజలు రాలేవి. ముతక బియ్యం, ఎర్రజీర ఉన్నవి. బ్లాకుల్లోకి బియ్యం ఎలా వచ్చిందో గౌరికి అర్థం కాలేదు. ఊడ్చి పారెయ్యడానికి చెయ్యి రాక, ఏరి ఒక చిన్న డబ్బాలో వేసింది.

మూడో రోజుకి ఇరవై రెండు డబ్బాలు నిండాయి. గౌరి మేడెక్కి గది చూసింది. గది అలాగే ఉంది.

మళ్ళీ కొలిచింది. మళ్ళీ గుణించింది. లెక్క తప్పడం గౌరికి జ్వరం వచ్చినట్టుండేది. ఒళ్ళు వేడెక్కి, ఒకచోట నిలబడలేక మెట్లు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. మూడోసారి దిగుతుంటే వాసవి ఎదురొచ్చింది. గౌను ఒడిలో నిండుగా బ్లాకులు.

"ఇవెక్కడివే?"

"డబ్బాలోవి."

"ఏ డబ్బా?"

"మెట్ల కింద బియ్యం డబ్బా. నువ్వు మొదటిరోజే తీశావు కదా గౌరక్కా."

నిజమే, తీసింది. మెట్ల కింద నడుమెత్తు పాత రేకు డబ్బా ఒకటుంటే, అందులో ఉన్న బ్లాకులన్నీ ఎత్తి పోసింది. అడుగున ఉన్నవి అందుకోబోతే వాసవి చెయ్యి పట్టుకుని, "గుప్పెడు ఉంచాలి" అంది. వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఏ పాత్రా పూర్తిగా ఖాళీ చెయ్యరని గౌరికి తెలుసు. సరే అని ఉంచింది.

"గుప్పెడే కదే ఉంచాను?"

"గుప్పెడు ఉంచితే పొద్దున్నకి నిండదా మరి?" అంది వాసవి, తెల్లారదా అన్నంత మామూలుగా.

గౌరి మెట్ల కిందకి ఒంగి మూత తీసింది. అంచుదాకా బ్లాకులు. ఎరుపు, పసుపు, నీలం, మధ్యమధ్యలో నాలుగు బియ్యపు గింజలు. మూత పెట్టి, తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"మేడం, ఆ డబ్బా సంగతి ముందే సెప్పాలి కదండీ! నేను మొత్తానికి ఒకటే ధర సెప్పేశాను!"

జయలక్ష్మి పోపు వేస్తూ తిరిగి చూసింది. "మా డబ్బా సంగతా? వీధిలో అందరికీ తెలిసిందే కదమ్మా. నీకూ తెలుసనుకున్నా."

"నాది సురంగి పక్క పల్లండి. నాకెవరు సెప్తారు?"

"అదీ నిజమే" అంది జయలక్ష్మి. "మరి ధర మారుస్తానంటే మాత్రం కుదరదు. మాట మాటే."

సంగతంతా కాసులమ్మ చెప్పింది. ఆ డబ్బా ఆమె అత్తగారు కాపురానికొస్తూ తెచ్చుకున్నది. అడుగున గుప్పెడు ఉంటే చాలు, పొద్దున్నకి నిండేది. పైన ఏది వేస్తే అదే నిండుతుంది. అప్పట్లో బియ్యం. ఇంటికి సరిపోగా మిగిలింది పెరటి గుమ్మం దగ్గర పంచేవారు.

"తరవాత నా కోడలికి ముతక బియ్యం గొంతు దిగలేదు" అంది కాసులమ్మ. "సన్నబియ్యం బస్తాలు తెప్పించింది."

"ఆ బియ్యం ఉడకడానికే సగం సిలిండరు పట్టేది" అంది జయలక్ష్మి వంటింట్లోంచి.

"నేనొక్కదాన్నే గుమ్మం దగ్గర కూర్చుని పంచేదాన్ని. మోకాళ్ళు పోయాక అదీ కుదరలేదు. నాలుగు రోజులు తియ్యకపోతే మూత లేచిపోయి మెట్ల కిందంతా బియ్యమే. పురుగు, ఎలకలు. సరిగ్గా అప్పుడే దీని పుట్టినరోజుకి మేనమామ విశాఖపట్నం నుంచి ఒక పెట్టె బ్లాకులు తెచ్చాడు. కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి, ఎందులోనన్నా పడెయ్యి అని దీనమ్మ అరిస్తే, తెచ్చి ఆ డబ్బాలో పోసింది. పోన్లే, పురుగు పట్టదు అనుకున్నాను."

"నెల రోజులైంది" అంది వాసవి గర్వంగా.

గౌరి ఆ నెల రోజులనీ డబ్బాతో గుణించింది. పాప తియ్యడం మరిచిపోయిన రోజులు కొన్ని తీసేసింది. గదికి సరిపోయింది. లెక్క తప్పలేదని ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. తప్పలేదు గానీ, ఆగదు కూడా. రోజుకో డబ్బాడు అంటే తన ప్లాస్టిక్ డబ్బాలు మూడు. యాత్ర నాటికి ఇరవై పైన కావాలి. ఆ తరవాత రోజుకి మూడు, ప్రతిరోజూ మూడు. గోడలున్న గదిలో గోడల్లేని సామాను.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మూర్తిగారు విని, చెయ్యి కడుక్కుంటూ ఒక ఉపాయం చెప్పారు. "దీనికింత ఆలోచన ఏటి? యాత్రకి ఇసకేస్తే రాలనంత జనం. వీధి చివర బల్ల వేసి కిలోల్లెక్కన అమ్మేద్దాం. పెట్టుబడి లేని సరుకు."

కాసులమ్మ కుర్చీలోంచే చూసింది. "మీ నాయనమ్మ ఒకసారి అమ్మింది, ఒక్క కుంచెడు. ఏడాది పొడుగూ డబ్బా పొల్లే ఇచ్చింది. ఊక తిన్నావా నువ్వు?"

"నేనప్పటికి పుట్టలేదు కదమ్మా."

"పుట్టుంటే ఇలా మాట్లాడవు."

మూర్తిగారు మజ్జిగన్నం మీదకి ఒంగిపోయారు.

నాలుగోరోజు గౌరి ఒక ప్రయోగం చేసింది. డబ్బాలోంచి ఏమీ తియ్యొద్దని వాసవికి చెప్పి, మూత మీద ఇడ్లీల రుబ్బురోలు పెట్టించింది. మర్నాడు పొద్దున్న గోసాని నువాగాం వచ్చేసరికి గుమ్మం దాకా మూర్తిగారి కేకలు వినిపించాయి. రుబ్బురోలు పక్కకి ఒరిగి ఉంది. మెట్ల కిందనుంచి స్నానాలగది దాకా బ్లాకులు. ఉత్త కాళ్ళతో వాటి మీద నడిచిన మూర్తిగారు ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"యాత్ర ముందురోజు దాకా చూస్తాను" అన్నారు. "ఆ తరవాత ఈ అమ్మాయీ వద్దు, ఈ డబ్బాలూ వద్దు. తుక్కు కొనేవాణ్ణి పిలుస్తాను. తూకం వెయ్యక్కర్లేదు, ఊరికే పట్టుకుపొమ్మంటాను. ఊరికే ఇస్తే అమ్మకం కాదు కదా?"

వాసవి ఏడవలేదు. మేడ మీదకెళ్ళి తన వీధి చుట్టూ పడుకుంది.

ఆ పూటంతా గౌరి చేతులు ఆగలేదు. పొడుగువి పొడుగువాటితో, పలకలు పలకలతో, వాలుగా ఉన్నవి వాలుగా ఉన్నవాటితో. ముందు రంగులవారీగా విడదీసినవి చెడగొట్టి, మళ్ళీ పనులవారీగా కట్టింది: గోడలకి కావాల్సినవి ఒకచోట, పైకప్పులకి ఒకచోట, బళ్ళకి ఒకచోట. పెళ్ళికి సామాను కట్టేటప్పుడు పసుపూ కుంకుమా తమలపాకులూ ఒకే బుట్టలో కట్టినట్టు. పాపకి వెతుక్కునే పని తప్పుతుంది, చోటు కూడా కొంచెం కలిసొస్తుంది. కొంచెమే. రోజుకి మూడు డబ్బాల ముందు కొంచెం ఏపాటి? సాయంత్రం గదికెళ్ళినా కూర్చోలేక, నిలబడే అన్నం తింది. కొండబాబు దుకాణంలో స్టూలు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది: తూకం పక్కన, ఫ్యాన్ గాలి తగలని చోట.

యాత్రకి ఇంకా రెండు రోజులుందనగా, కాసులమ్మ అమ్మవారి పందిరి చూస్తానని మనవరాలిని తీసుకుని ఆటోలో వెళ్ళింది. ఆటో మలుపు తిరగ్గానే జయలక్ష్మి గౌరి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"ఏమ్మా గౌరీ. గుప్పెడే కదా అడ్డం. అది కూడా తీసెయ్. డబ్బా బోర్లించి కడిగెయ్. అక్కడితో ఆగిపోతుంది. మేడ మీదున్నవి నీ అరవై డబ్బాల్లో పడతాయి. ఇవాళే డబ్బులిచ్చేస్తాను."

"మామ్మగారో?"

"పాతదైంది, పనిచెయ్యడం మానేసింది అనుకుంటారు. నేనైతే ఎప్పుడో బోర్లించేదాన్ని. నా చేత్తో ఎందుకులే అని ఊరుకున్నాను."

"నా సేత్తో అయితే పర్లేదా అండి?"

జయలక్ష్మి కొంగు సర్దుకుంది. "నీకు పని కావాలి. నాకు గది కావాలి. అంతే కదమ్మా" అని లోపలికెళ్ళిపోయింది.

గౌరి మెట్ల కింద చతికిలబడింది. లెక్క చాలా తేలిక. ఇంత తేలిక లెక్క ఈ ఎనిమిది రోజుల్లో ఒక్కటీ రాలేదు. రెండు చేతులతో బ్లాకులు తోడి సంచిలో పోసింది. చేతులు అందనంత లోతుకి వచ్చాక, డబ్బా పక్కన గూట్లో పాత ఇత్తడి సోల కనిపించింది. బియ్యం కొలిచే రోజులది. అది పట్టుకుని నడుందాకా డబ్బాలోకి ఒంగింది. సోల అడుగుకి తగిలి, రేకు మీద గీసుకుంది.

ఆ చప్పుడుకి గౌరి చెయ్యి ఆగిపోయింది.

వాళ్ళింట్లో ఆ చప్పుడు నెలకోసారి వచ్చేది, కూలి దొరకని నెలల్లో ఇంకా ముందే. అది వినపడగానే అమ్మ డబ్బాకీ పిల్లలకీ మధ్య అడ్డంగా వచ్చి నిలబడేది, అడుగు వాళ్ళకి కనపడకుండా. తరవాత కొంగు కింద సోల దాచుకుని పక్కింటికెళ్ళేది. అడుగున గుప్పెడు ఉంచాలని అమ్మకి తెలియక కాదు. ఆ గుప్పెడూ ఎప్పుడూ ఎవరో ఒకరి ఆకలికి పోయేది.

ఇక్కడ ఇంకా గుప్పెడు ఉంది. ఎర్ర బ్లాకులు నాలుగు, ఒక చక్రం, తెల్ల పలకలు, రెండు బియ్యపు గింజలు. గౌరి సోల బయటికి తీసి మళ్ళీ గూట్లో పెట్టేసింది. మూత వేసింది. వేశాక మూత మీద వేళ్ళతో దరువేస్తూ కూర్చుంది, ఎందుకంటే ఊరికే కూర్చోవడం ఆమెకి రాదు.

ఆటో తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది.

"మామ్మగారూ" అంది, కాసులమ్మ కుర్చీలో కూర్చోకముందే. "అప్పట్లో గుమ్మం దగ్గరికి ఎంతమంది వచ్చేవారండి?"

"ఎంతమందేటి? డబ్బా ఖాళీ అయ్యేంత మంది."

"రోజూ?"

"రోజూ. కరువొచ్చిన ఏడు మలుపు దాకా నిలబడేవారు. డబ్బా ఎప్పుడైనా అందరికీ వచ్చిందే గానీ, మిగిలింది లేదు." ఆగి, మోకాళ్ళు నిమురుకుంది. "మిగలడం నేను పంచడం మానేశాకే మొదలైంది."

గౌరి లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ పెరిగే సామాను ఎక్కడ పెట్టాలా అనే ఆలోచించింది. పెట్టే చోటు కోసమే కొలిచింది, గుణించింది. డబ్బా పెట్టుకోవడానికి నిండటం లేదు. గుమ్మం దాటించడానికి నిండుతోంది. బ్లాకులు కావాల్సినవాళ్ళు ఆ గుమ్మం దగ్గరికి రాలేరు, నాలుగేళ్ళ పిల్లలు కదా. వాళ్ళ దగ్గరికే పంపాలి.

తన పల్లెలో అంగన్‌వాడీ నడిపే దేముడమ్మ పిన్నికి అక్కడే ఫోన్ చేసింది. "పిన్నీ, మన జిల్లాలో అంగన్‌వాడీలు ఎన్నుంటాయి?"

"ఏటే, పొద్దుపోక అడుగుతున్నావా? వేలల్లో ఉంటాయి."

"పిల్లలు ఆడుకోడానికి బొమ్మలుంటాయా?"

"ఒక ప్లాస్టిక్ ఏనుగుంది. తొండం లేదు."

గౌరి ఫోన్ పెట్టేసింది. వేలు. రోజుకో డబ్బా, ఒక్కో అంగన్‌వాడీకి ఒక్కో డబ్బాడు. మొత్తం జిల్లా తిరిగేసరికి ఏళ్ళు. ఆ డబ్బాకన్నా పెద్ద అంకె ఆమెకి దొరకడం అదే మొదటిసారి. మెట్ల మీద రెండేసి దూకుతూ పైకెళ్ళి, అప్పటికే తన వీధి దగ్గర చేరిన వాసవిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ వీధి నీదే. ఎవరూ పడగొట్టరు. మేడ మీదున్నవన్నీ నీ డబ్బాల్లోనే ఉంటాయి. రేపటినుంచి నిండినవి మాత్రం బయటికెల్తాయి. సరేనా?"

వాసవి ఒక చక్రం తీసి చూపించింది. "అన్ని సంచుల్లోనూ చక్రాలు వెయ్యాలి. చక్రాలు రాకపోతే చిన్నపిల్లలు ఏడుస్తారు."

"అది నువ్వు సూడు మరి. ప్రతి సంచీ నువ్వు సూశాకే కడతాను."

"గుప్పెడు కూడా నేనే ఉంచుతా."

సాయంత్రం మూర్తిగారితో బేరం గంటసేపు సాగింది. మేడ మీది గదికి ముందు అనుకున్న ధర. ఆ తరవాత రోజూ డబ్బా ఖాళీ చేసి, సంచులు కట్టి, ఊళ్ళకి చేర్చడానికి నెలజీతం, బస్సు ఖర్చులు వేరు. సంచులు ఆయన గోదాంలో ఖాళీ అయిన పప్పుల సంచులే.

"ఊరికే ఇచ్చేదానికి నేను జీతం ఇవ్వాలా?" అన్నారు మూర్తిగారు.

"ఇవ్వకండి" అంది గౌరి. "రేపట్నుంచి రోజూ మీ కాళ్ళకింద మూడు డబ్బాల బ్లాకులు. మీరే ఎత్తుకోండి."

ఆయన తెలియకుండానే పాదం వైపు చూసుకున్నారు. అక్కడింకా గుండ్రటి మచ్చ ఉంది.

"కిందటి తరంలో పనిమనిషికి గింజలిచ్చేవాళ్ళం" అంది కాసులమ్మ. "ఇప్పుడు డబ్బులిస్తావు. పంచడం ఆగకుండా ఉంటే చాలు, ఇవ్వరా."

జయలక్ష్మి గుమ్మంలోంచి గౌరి వైపు చూసింది. డబ్బా ఎందుకు బోర్లించలేదని అడగలేదు. గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది, ఆ ఇంట్లో గౌరికి మొదటిసారి.

యాత్ర మొదలయ్యే రోజుకి గది గదిలా కనపడింది. మూడు గోడలకి అరవై డబ్బాలు, ఒక్కోదాని మీద వాసవి గీసిన బొమ్మ: ఇది గోడలది, ఇది బళ్ళది, ఇది టోపీలది. కిటికీ కింద బల్ల మీద గోసాని నువాగాం వీధి అలాగే ఉంది, పకోడీల బండితో సహా. రాజమండ్రి నుంచి వచ్చిన జయలక్ష్మి అక్క మంచం మీద కూర్చుని నాలుగు వైపులా చూసి, "మా ఆడపడుచు ఉండేది ఈ ఊళ్ళోనే, వాళ్ళ స్టోర్‌రూము నువ్వు చూడాలి" అని గౌరి నెంబరు రాసుకుంది. ఎదురింటావిడ చూడ్డానికని వచ్చి, వంటిల్లు సర్దడానికి ఎంత తీసుకుంటావని అడిగి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే కొండబాబు ఫోన్. "ఏటే, నెల దగ్గరకొచ్చింది. స్టూలు తుడిపించి ఉంచాను."

"మంచి పని సేశారు బాబుగారూ. దాన్ని గోసాని నువాగాం పంపించండి. వసారాలో కూర్చుని ఏరడానికి పనికొస్తాది. పొట్టి కాలికి ఏదన్నా ముక్క కట్టించి మరీ పంపండి."

కొండబాబు నవ్వాడు. "దానికి అద్దె తీసుకుంటాను."

"అయిదు శాతం తగ్గించండి."

మర్నాడు పొద్దున్నే వాసవి డబ్బాలోకి ఒంగి, అడుగున గుప్పెడు సరిచేసి మూత వేసింది. మొదటి సంచులు రంభ అనే ఊరికి, చిలక సరస్సు ఒడ్డున చేపలవాళ్ళ వీధి పక్క అంగన్‌వాడీకి. ఆ తరవాత గోపాలపూర్. మూడు సంచుల్లోనూ చక్రాలున్నాయని వాసవి రెండుసార్లు చూసింది.

గౌరి బయల్దేరుతూ, ఇన్నాళ్ళూ ఏరిన బియ్యం కాసులమ్మకి చూపించింది. "మామ్మగారూ, ఇవి మీ డబ్బాలోవే. మళ్ళీ అందులో వేసేదా?"

కాసులమ్మ ఆ గింజలు అరచేతిలో పోసుకుంది. చేతికి సరిగ్గా నిండాయి. "అందులో వెయ్యకు. బియ్యం, బ్లాకులూ కలిసొస్తే రోజూ ఏరలేక చస్తావు." గింజలు మళ్ళీ గౌరి చేతిలో పోసి వేళ్ళు మూసింది. "నీ గదిలో బియ్యం డబ్బా ఉందా?"

"ఉందండి. నిన్ననే అడుగంటింది."

"మరింకేం. గుప్పెడు అయిందిగా. అందులో వేసుకో. అన్ని డబ్బాలూ నిండుతాయని నేను చెప్పను. కొన్ని నిండాయి. నా చెల్లెలింట్లో ఒకటి నిండింది."

"నిండితే?"

"నీకు సరిపోగా మిగిలింది ఏం చెయ్యాలో నీకు తెలుసు కదా."

గౌరి గది బస్టాండుకి వెళ్ళే దారిలోనే. సంచులు గుమ్మంలో దించి, తన చిన్న రేకు డబ్బాలో ఆ గింజలు పోసింది. అడుగు సగమే కప్పాయి. చేత్తో సమంగా సర్ది, మూత పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది. నిండితే సురంగి పక్క పల్లెకి ఆదివారం బస్సు ఎన్నింటికో, అమ్మ దగ్గరున్న డబ్బాకి ఎన్ని గుప్పెళ్ళు పడతాయో తల వద్దన్నా కూడేస్తోంది.

రంభ బస్సు అప్పటికే కదలడానికి గుర్రుమంటోంది. కండక్టరు సంచులు చూసి, "కోణ, ఏటివి? పప్పులా?" అన్నాడు, సగం ఒడియాలో, సగం తెలుగులో.

"పప్పులు కావన్నా, మేడలు" అంది గౌరి. మూడు సంచులూ ఒకదాని తరవాత ఒకటి అందించి, రేపు పొద్దున్న ముందు తన డబ్బా మూత తియ్యాలా, వాసవి ఇంటి మూత తియ్యాలా అని లెక్కేసుకుంటూ, బస్సు మెట్టు మీదకి కాలు ఎత్తింది.